వదులు మాస్టారు కొలిచిన సైకిలు

ఆ బజారులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. ఎదురుగా ఉంటే "మాస్టారూ" అంటారు, చాటుగా "వదులు మాస్టారు" అంటారు. చాటుగా అనేది ఆయనకి తెలియదనుకుంటారు గానీ, తెలుసు. తెలిసీ ఏమీ అనడు, ఎందుకంటే అందులో ఆయనకి తప్పేమీ కనిపించదు. చొక్కా అన్నాక ఊపిరి పీల్చుకునే చోటుండాలి, పాంటు అన్నాక కూర్చుని లేచే వీలుండాలి, పిల్లల బట్టలన్నాక వచ్చే ఏడాదికీ పనికిరావాలి. ఇదీ ఆయన సిద్ధాంతం. ఒంటికి అతుక్కుపోయేలా కుట్టించుకునే కుర్రకారు ఆ కొట్టు గుమ్మం తొక్కరు. తొక్కేదల్లా బడి పిల్లల తల్లులు. "మాస్టారు కుట్టిన యూనిఫారంలో మావాడు కాపురముంటున్నాడమ్మా" అని ఒకరితో ఒకరు చెప్పుకుని నవ్వుకుంటారు, మళ్ళీ ఏడాది బట్ట చంకన పెట్టుకుని ఆయన దగ్గరికే వస్తారు.

కొట్టంటే పెద్ద కొట్టేం కాదు. రోడ్డు వైపు ఒక గది, అందులో కత్తిరింపు బల్ల, రెండు మిషన్లు. ఒకటి ఆయనది, ఇంకోటి ఆయన భార్యది. కాజాలు, గుండీలు, కింది మడతలు ఆవిడ పని. వెనకాల ఉన్న రెండు గదుల్లో కాపురం. కొలతలు తీసేటప్పుడు వాళ్ళిద్దరిదీ ఒక పద్ధతి. టేపు పట్టుకునేది ఆయన, అంకె చూసేది ఆవిడ, ఎందుకంటే ఆయనకి దగ్గరి చూపు తగ్గి చాలా కాలమైంది. ఆవిడ "ముప్పై" అంటుంది. ఆయన దానికి కుట్టుకింత, మడతకింత, ఉతికితే కుంచించుకుపోయేదానికింత, పిల్లలైతే పెరిగేదానికింత అని కలుపుకుని "ముప్పై రెండు" అని పైకి అంటాడు. బల్ల మీద సుద్దతో గీసేది ఆ రెండో అంకెకే. ఎంత కలిపారని ఆవిడ అడగదు, ఇంత కలిపానని ఆయన చెప్పడు. మొదట్లో ఆ కలపడం ఆయన బుర్రలో జరిగేది. ఇన్నేళ్ళు గడిచాక ఇప్పుడు నోట్లోనే జరిగిపోతోంది, బుర్రకి కబురు కూడా అందదు.

వాళ్ళకి ఒక్కతే కూతురు. ఇంటా బయటా అందరికీ చిట్టి. మనిషి నిజంగానే చిట్టిది, తల్లి భుజం దాకా వస్తుంది అంతే. బడి చదువు అయిపోయింది. కుట్టు నేర్పిద్దామని తండ్రి చూశాడు గానీ, మిషను ముందు కూర్చోబెడితే ఆ పిల్ల కాళ్ళు తొక్కుతూనే ఉంటాయి, చూపు మాత్రం రోడ్డు మీద ఉంటుంది. చొక్కా చేతులు ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ అతికించి పెట్టింది ఒకసారి. ఆ రోజు నుంచి తల్లే అడ్డం పడింది.

"దాని చేత కుట్టించకండి, కుట్టినవి నేను విప్పలేక చస్తున్నాను. బట్టలు ఇళ్ళకి చేర్చే పని ఇవ్వండి, అది మాత్రం బాగా చేస్తుంది" అంది.

అది మాత్రం ఎంత బాగా చేసేదంటే, ఊరి వెనక కొండవాలు మీద, మనుషులు నడిచి వెళ్ళడానికే ఆయాసపడే ఇళ్ళకి, ఆ పిల్ల తన పాత చిన్న చక్రాల సైకిలు మీద సంచి తగిలించుకుని, సీటు మీంచి లేచి నిలబడి తొక్కుకుంటూ పోయేది. అట్నించి ఊరికే రాదు. ఇంకా పైకి వెళ్ళి, చెట్ల మధ్య రాళ్ళ బాటలన్నీ తిరిగి, మోకాళ్ళ నిండా దుమ్ముతో వచ్చేది. తండ్రికి అది నచ్చేది కాదు. నచ్చకపోయినా, పాంటు మోకాలి దగ్గర లోపలి నుంచి రెండో పొర వేసి కుట్టిపెట్టేవాడు.

అలాంటి పిల్లకి తగ్గ ఉద్యోగం ఒకటి ఉంటుందని ఎవరూ అనుకోలేదు. ఉంది. ఎండాకాలంలో కొండమీది అడవి తగలబడకుండా, పొదలు నరికి వదిలిన బాటల వెంట తిరుగుతూ పొగ కనిపిస్తే కబురు చెప్పే కాపలా మనుషులు కావాలని అటవీ ఆఫీసువాళ్ళు అడిగారు. ఆ బాటల్లో జీపు పట్టదు, నడిచి తిరిగితే పొద్దు చాలదు. అందుకని సైకిలు. సైకిలు కూడా ఏది పడితే అది కుదరదు. చిట్టి ఆఫీసు దాకా వెళ్ళి అన్నీ కనుక్కుని వచ్చి, అన్నం తింటూ అమ్మానాన్నలకి చెప్పింది.

"స్టీలు ఫ్రేమే ఉండాలంట. విరిగితే ఏ వెల్డింగు షాపులోనైనా అతుకుతారు కదా. గేర్లు ఉండకూడదంట, పొదల్లో చిక్కుకుని ఊడిపోతాయి, అడవి మధ్యలో ఎవరు బాగుచేస్తారు? ఒకే పళ్ళచక్రం, ఒకే గొలుసు. చక్రాలు మాత్రం పెద్దవి, ఇరవై తొమ్మిది అంగుళాలవి. రాళ్ళ మీద పెద్ద చక్రమే దొర్లుతుంది నాన్నా. పైగా ఆఫీసులో ఉన్న టైర్లూ ట్యూబులూ అవే."

"మరి నీ సైకిలు?"

"దాన్ని గేటు లోపలికి కూడా రానివ్వరు. బండి మనదే తెచ్చుకోవాలి. దాని మీదే పరీక్ష. కొండమీది కాపలా మంచె దాకా ఎక్కి, రాళ్ళ వాగు గుండా దిగి రావాలి. నాన్నా, ఎక్కడం నాకు లెక్క కాదు. దిగడం కూడా వచ్చు. బండి ఒక్కటి ఉంటే చాలు."

ఆ పిల్ల ఏదీ అడిగి ఎరగదు. నోరు తెరిచి ఒక్క మాట అడిగితే కాదనే తండ్రి కాదు ఆయన. సరే అన్నాడు. అనడమే కాదు, ఆ పూటే కొట్టు తలుపులు సగం మూసి, కూతుర్ని వెంటబెట్టుకుని సైకిళ్ళ షాపుకి బయల్దేరాడు.

ఆ షాపులో ఫ్రేములు పైన కొక్కేలకి వేలాడుతుంటాయి. మన మాస్టారు వాటి కింద నిలబడి, బట్టల కొట్టుకి వెళ్ళినట్టే, ఒక్కోదాన్నీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని రుద్ది చూశాడు. గోటితో కొట్టి చూశాడు. షాపాయన ఒకటి తేలికైనది చూపించి ఇది అల్యూమినియం అంటే, "నేత పల్చగా ఉందే" అన్నాడు. స్టీలు ఫ్రేము చేతికిస్తే బరువు చూసి, ముఖం వికసించి, తీరా ఒక ప్రశ్న వేశాడు.

"ఇది వానలో తడిస్తే కుంచించుకుపోతుందా?"

షాపాయన నవ్వాపుకోలేక గొలుసు నూనె డబ్బా తన్నేశాడు. చిట్టి సిగ్గుతో గోడవైపు తిరిగింది. మాస్టారు మాత్రం ఏమీ చలించలేదు. అడిగి తెలుసుకుంటే తప్పేంటి అన్నట్టు నిలబడ్డాడు.

నవ్వు అక్కడితో సరి. పెద్ద చక్రాల ఫ్రేముల్లో అన్నిటికన్నా చిన్నది దింపి, చిట్టిని మధ్యలో నిలబడమన్నారు. సీటుకీ హ్యాండిలుకీ మధ్య ఉండే పై గొట్టం ఆ పిల్ల కాళ్ళ సందుకి గట్టిగా తగిలింది. మడమలు లేచిపోయి, మునివేళ్ళ మీద నిలబడింది. షాపాయన పెదవి విరిచాడు.

"పెద్ద చక్రాలకి ఇంతకన్నా చిన్న ఫ్రేము కంపెనీవాళ్ళు చెయ్యరు మాస్టారూ. దీని మీద ఎక్కి తొక్కడం తొక్కేస్తుంది. కానీ రాళ్ళలో టక్కున ఆగి కాలు కింద పెట్టాల్సొస్తే? కాలు అందదు, మనిషి బండితో సహా పక్కకి పడుతుంది. కొలత ఇచ్చి చేయించుకోండి. పక్క ఊళ్ళో ఒక మేస్త్రీ ఉన్నాడు, పై గొట్టాన్ని బాగా కిందికి వంచి పొట్టివాళ్ళకి చేసిపెడతాడు. అమ్మాయిని ఒకసారి తీసుకెళ్ళండి, ఆయనే కొలుచుకుంటాడు."

తీసుకెళ్ళి ఉంటే ఈ కథే లేదు. కానీ ఊళ్ళో వాళ్ళందరి ఒళ్ళూ కొలిచే మనిషి, తన కూతురి ఒంటి కొలత కోసం బస్సెక్కి ఇంకొకడి దగ్గరికి వెళ్ళడమా? ఆయన పౌరుషానికి అది పడలేదు. ఇంటికొచ్చి మేస్త్రీకి ఫోను చేశాడు.

"అమ్మాయిని ఒకసారి చూస్తే బాగుండేదండీ" అన్నాడు మేస్త్రీ మెల్లగా.

"నేను దర్జీని బాబూ. కొలతలు తీయడం నాకు నువ్వు నేర్పుతావా?"

"అయ్యయ్యో, అంత మాట ఎందుకండీ. మీరు తీస్తే అంతకన్నా ఏం కావాలి? గోడకి ఆనించి నిలబెట్టండి, చెప్పులు విప్పించండి. కాళ్ళ సందులో గట్టి అట్ట పుస్తకం ఒకటి పైకి నొక్కిపెట్టి, దాని పైఅంచు నుంచి నేల దాకా కొలవండి. తర్వాత నడుము నుంచి మెడ దాకా, భుజం నుంచి పిడికిలి దాకా."

మాస్టారు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నాడు. చిట్టి గోడకి ఆనుకుని, నవ్వు బిగబట్టుకుని నిలబడింది. ఆయన టేపు సాగదీశాడు. భార్య మోకాళ్ళ మీద కూర్చుని అంకె చూసింది.

"ఇరవై ఏడు" అంది ఆవిడ.

"ఇరవై తొమ్మిది" అన్నాడు ఆయన ఫోనులో.

"నడుము పైన ఇరవై."

"ఇరవై ఒకటిన్నర."

"చెయ్యి ఇరవై రెండు."

"ఇరవై మూడున్నర రాసుకో."

అవతల మేస్త్రీ అన్నీ మళ్ళీ చదివి వినిపించి, "ఖచ్చితమేనా అండీ? స్టీలు కదా, ఒకసారి అతికాక మార్చలేను" అన్నాడు. "ఖచ్చితం" అన్నాడు మాస్టారు గుండెల మీద చెయ్యేసుకుని. అబద్ధం ఆడుతున్నానని ఆయన అనుకోలేదు. ఆవిడా అనుకోలేదు. ఇద్దరూ ఇన్నేళ్ళుగా రోజూ చేస్తున్న పనే చేశారు. ఫోనులో మాట్లాడేది ఆయన, వింటున్నది ఆవిడ, మధ్యలో ఉన్నది వాళ్ళ కన్నపిల్ల. ముగ్గురిలో ఒక్కరికైనా ఆ తేడా చెవికి తగలకపోవడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది గానీ, మండి ఏం లాభం?

ఫ్రేము బస్సులో వచ్చింది, అట్టల్లో చుట్టి, పాత దుప్పటి కప్పి. ముదురాకుపచ్చ రంగు, చిట్టి కోరుకున్నదే. అతుకుల దగ్గర వెల్డింగు ఎంత నున్నగా ఉందంటే, మాస్టారు దాని మీద బొటనవేలితో రాస్తూ "చూడవోయ్, చేత్తో వేసిన కుట్టులా ఉంది" అని భార్యకి చూపించాడు. సైకిళ్ళ షాపాయన చక్రాలు, గొలుసు, హ్యాండిలు అన్నీ బిగించి సాయంత్రానికి బండి తయారుచేశాడు. బజారులో వాళ్ళు నలుగురు పోగయ్యారు. చిట్టి ఎక్కడానికి ముందు బండి మధ్యలో నిలబడింది.

మడమలు లేచాయి.

ఆ పిల్ల ఒక్క క్షణం కిందికి చూసుకుంది. తర్వాత తలెత్తి, "బాగుంది నాన్నా" అంది.

పక్కనున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. మాస్టారు కొట్టలేదు. ఆ గొంతు ఆయనకి బాగా తెలుసు. కొత్త చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకుని, చేతులు రెండూ చాపి, మొహమాటానికి "బాగుంది మాస్టారూ" అని, ఇంకెప్పుడూ కొట్టుకి రాని మనుషుల గొంతు అది.

ఇంటికొచ్చాక కూతురు పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే భార్యని అడిగాడు. "ఏమోయ్, మనం కొలిచినప్పుడు ఎంత వచ్చింది?"

"ఇరవై తొమ్మిది కదా" అంది ఆవిడ. అని, ఆగింది. గుండీలు కుడుతున్న సూది అలాగే గాల్లో ఉండిపోయింది. "కాదండీ. నేను ఇరవై ఏడన్నాను."

ఆవిడ సూదిని గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అంది, "పెరిగే పిల్ల అని మీరు కలుపుతారు. కానీ దాని పాంటు కింది మడత నేను విప్పి మూడేళ్ళయింది. ఎప్పుడో ఆగిపోయింది ఎదుగుదల. మీకు చెప్పాల్సింది."

మర్నాడు పొద్దున్నే ఆయన మేస్త్రీకి ఫోను చేశాడు. ఈసారి గొంతులో దర్జీ లేడు.

"పై గొట్టం కోసి రెండంగుళాలు దింపలేవా బాబూ?"

"దింపితే మిగతా గొట్టాల వాటం అంతా పోతుందండీ. అతికింది అతికినట్టు ఉండదు. కొండ దిగేటప్పుడు విరిగిందనుకోండి, అమ్మాయి ముఖం రాళ్ళకి కొట్టుకుంటుంది. నేను చెయ్యను."

"పోనీ ఇంకోటి చేసిపెట్టు. ఎంతైనా సరే."

"చేస్తానండీ, మీ మాట కాదంటానా? కానీ చేతిలో ఉన్నవి వదిలెయ్యలేను. వాళ్ళూ మీలాగే ఎదురుచూస్తున్నారు. మీ అమ్మాయి పరీక్ష లోపల మాత్రం కాదు." మేస్త్రీ ఉండబట్టలేక అడిగాడు. "కొలత ఎక్కడ తప్పిందండీ?"

ఏమని చెప్తాడు? బట్ట అయితే విప్పొచ్చు, లోపలికి మడవొచ్చు, పక్క నుంచి కుట్టు పట్టొచ్చు. ముప్పయ్యేళ్ళుగా ఆయన చేసిన తప్పులన్నీ ఏదో ఒక కుట్టు విప్పితే దిద్దుకున్నవే. ఇది ఇనుము. ఆయన ఫోను పెట్టేసి, కత్తిరింపు బల్ల ముందు కూర్చుని, ఆ రోజంతా ఒక్క గుడ్డ ముక్క కత్తిరించలేదు.

అయినా ఊరుకునే మనిషి కాదు. షాపాయన చేత సీటు అడుగు దాకా దింపించాడు. హ్యాండిలు దగ్గరికి రావడానికి పొట్టి ముక్క మార్పించాడు. టైర్లు కాస్త సన్నవి వేయించాడు. అన్నీ కలిపి ఓ వేలెడు తగ్గింది, ఇంకా వేలెడు మిగిలింది. ఆ మిగిలినదాని కోసం చెప్పులు కుట్టేవాడి దగ్గరికి వెళ్ళి, కూతురి బూట్లకి కింద ఇంకో అట్ట అడుగు అతికించుకుని వచ్చాడు. వాటిని తొడుక్కుని చిట్టి నడుస్తుంటే ఇంట్లో బల్ల ఈడ్చినట్టు చప్పుడు. తల్లి నవ్వింది, చిట్టి కూడా నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"పెడలు మీద నిలుస్తున్నాయా?" అని అడిగాడు.

"నిలుస్తున్నాయి నాన్నా" అంది చిట్టి. నిలవడం లేదు, జారిపోతున్నాయి. ఆయనకి తెలుసు. అడక్కుండా ఉండలేక అడిగాడు, అంతే.

పొట్టివాళ్ళ పెద్ద చక్రాల బండి ఎవరి దగ్గరైనా అరువు దొరుకుతుందేమోనని బజారంతా తిరిగాడు. ఉన్నవన్నీ ఇంతవే, లేదా ఇంతకన్నా పెద్దవి. ఒక పూట చిట్టి కొండమీంచి మోచెయ్యి చెక్కుకుపోయి వచ్చింది. ఇంకో పూట తొడ మీద నల్లగా కమిలిన మచ్చతో వచ్చింది. తల్లి వేడినీళ్ళ గుడ్డ పెడుతుంటే ఆయన తలుపు దగ్గర నిలబడి, "వెళ్ళకు, మానెయ్" అందామనుకున్నాడు. మానెయ్యమంటే ఆ పిల్ల మిషను ముందుకు వచ్చి కూర్చోవాలి. వెళ్ళి, చల్లారిన గిన్నె తీసి ఇంకో గిన్నెడు వేడినీళ్ళు తెచ్చి పెట్టాడు.

పరీక్ష రోజు కొండ కింద అటవీ ఆఫీసు ఆవరణలో కుర్చీలు వేశారు. వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది మగపిల్లలు, ఆడపిల్లలు కొద్దిమందే. చిట్టి ఆ ఎత్తు బూట్లు విప్పి, చెట్టు మొదట్లో పెట్టి, పాత బూట్లు వేసుకుంది. తండ్రి చూశాడు, ఆ పిల్లా తండ్రి చూడ్డం చూసింది. ఇద్దరూ చూడనట్టే ఉన్నారు.

ఎక్కడం మొదలైంది. మొదటి మలుపు దాకా కనిపించారు, తర్వాత చెట్లలో కలిసిపోయారు. మంచె దగ్గరున్న కాపలావాడు వైర్లెస్సులో కబుర్లు చెప్తుంటే ఆఫీసరు అందరికీ వినిపించేలా చెప్తున్నాడు. ఎర్ర బనీను కుర్రాడు ముందు, తర్వాత ఎవరో, తర్వాత "ఆకుపచ్చ బండి, చిన్నమ్మాయి". మూడో స్థానం. మాస్టారి భార్య ఆయన మోచేతిని గట్టిగా పట్టుకుంది. ఆయనకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ పిల్ల సీటు మీద కూర్చోకుండా నిలబడి తొక్కి ఉంటుంది, నిలబడ్డంతసేపూ ఆ ఫ్రేము ఎంత పెద్దదైతే ఏం?

దిగే దారి కింద నుంచి కనిపిస్తుంది. ఎండిపోయిన వాగు, నిండా రాళ్ళు. ఎర్ర బనీను కుర్రాడు దడదడమంటూ వచ్చేశాడు. రెండోవాడు మధ్యలో ఆగి, కాలు కింద ఆనించి, వాటం చూసుకుని దిగాడు. చిట్టి వాగు మొదట్లోకి వచ్చింది. పెద్ద చక్రం రాళ్ళ మీద బాగానే దొర్లుతోంది, ఆమె చెప్పినట్టే. ఒక పెద్ద రాయి దగ్గర దారి రెండుగా చీలింది. ఆగింది. కాలు చాపింది. కాలు గాల్లోనే ఉండిపోయింది. బండీ మనిషీ ఒకేసారి పక్కకి ఒరిగిపోవడం ఆయన చూశాడు.

లేచింది. మళ్ళీ ఎక్కింది. చక్రం నాలుగు చుట్లు కూడా తిరగలేదు, మళ్ళీ పడింది. ఆయన కుర్చీలోంచి లేచి ముందుకు వెళ్ళబోతే కింద నిలబడ్డ ఇంకో కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎవరూ దాటకూడదయ్యా." దాటి మాత్రం ఏం చేస్తాడు? నిలబడ్డాడు. అక్కడ నిలబడి, తెలియకుండానే, తన మడమలు తను ఎత్తి నేలకి నొక్కుతున్నాడు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే ఆమెని దాటి వచ్చేశారు. ఆఖరికి చిట్టి బండి దిగి, దాన్ని నడిపించుకుంటూ వాగంతా దిగింది. నడిచి దిగినవాళ్ళకి మార్కుల్లేవని ముందే చెప్పారు.

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. చిట్టి దగ్గరికి వచ్చి, మోకాలి రక్తం చూసి, నీళ్ళ సీసా ఇచ్చాడు.

"అందరికన్నా బాగా ఎక్కావమ్మా. దిగడంలో ఏమైంది? బండి నీకు పెద్దదా ఏంటి?"

"లేదండీ" అంది చిట్టి. "మా నాన్న కొలిచి చేయించిన బండి. సరిగ్గా ఉంది. నాకే దిగడం చేతకాలేదు."

ఆ మాట మాస్టారికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. గబగబా ముందుకు వచ్చాడు. "కాదండీ, అది అబద్ధం చెప్తోంది. తప్పు నాది. కొలతకి నేను కలిపాను, రెండంగుళాలు. దాని బండి దానికి ఉంటే అది దిగేది. మీరే చూశారు కదా ఎలా ఎక్కిందో. ఇంకోటి చేయిస్తున్నాను, ఒక్క అవకాశం ఇవ్వండి."

ఆఫీసరు ఆయన చెప్పిందంతా విన్నాడు. నమ్మాడు కూడా. "నాకు అర్థమైందండీ. కానీ నేను చూసేది వాగు దిగారా లేదా అన్నదే. ఎందుకు దిగలేదన్నది నా చేతిలో లేదు."

"మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారు?"

"పైవాళ్ళు ఎప్పుడు చెప్తే అప్పుడు. ఈ ఉద్యోగాల కోసమే మేం అడిగి అడిగి అలిసిపోయాం" అని, ఆఫీసరు మాస్టారి భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు.

ఆడపిల్లల్లో ఒకమ్మాయికి ఉద్యోగం వచ్చింది. పొడుగ్గా, బక్కపల్చగా ఉన్న పిల్ల. వాళ్ళన్నయ్య బండి తెచ్చుకుని పరీక్షకి వచ్చింది, దాన్ని తిరిగి ఇచ్చెయ్యాలి, చేరడానికి తన బండి తనకి ఉండాలి. ఆ అమ్మాయి చెట్టు కింద నిలబడి అదే బాధ ఎవరితోనో చెప్పుకుంటుంటే చిట్టి విన్నది. విని, ఆకుపచ్చ బండిని నడిపించుకుంటూ ఆమె దగ్గరికి వెళ్ళింది.

"దీన్ని ఎక్కి చూస్తావా?"

"చిట్టీ, ఏం చేస్తున్నావ్?" అన్నాడు తండ్రి.

"ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటాం నాన్నా?" అంది చిట్టి, ఆయనకి మాత్రమే వినిపించేలా. "నేను తొక్కలేను. నువ్వేమో రోజూ దాన్ని చూస్తూ కూర్చుంటావు. అన్నం తినకుండా కూర్చుంటావు. నాకు తెలుసు నువ్వేంటో."

ఆ పిల్లే తనని ఓదార్చాల్సి వచ్చినందుకు ఆయనకి సిగ్గేసింది, అంతకన్నా ఎక్కువగా ఏడుపొచ్చింది. ఏడవలేదు. నలుగురిలో ఉన్నాడు.

పొడుగు పిల్ల బండి మధ్యలో నిలబడింది. రెండు పాదాలూ, మడమలతో సహా, నేల మీద నిండుగా ఆనాయి. పై గొట్టానికీ ఆమెకీ మధ్య ఎంత ఉండాలో అంత ఖాళీ ఉంది. సీటు పైకి లాగి బిగించుకుని, ఎక్కి హ్యాండిలు పట్టుకుంటే మోచేతులు కొద్దిగా, ఎక్కడ వంగాలో అక్కడే వంగాయి. వీపు సాఫీగా వాలింది. ఆ అమ్మాయి ఆవరణలో ఒక చుట్టు చుట్టి, రాళ్ళ అంచు దాకా వెళ్ళి, టక్కున ఆగి, కాలు కింద పెట్టి, వెనక్కి తిరిగి నవ్వింది.

మాస్టారి కళ్ళు ఆయన మాట వినలేదు. కుట్టిచ్చిన ప్రతి బట్టనీ మనిషి తొడుక్కున్నాక చూసే చూపే అది, ఎక్కడ పట్టింది, ఎక్కడ వదిలింది అని భుజం నుంచి మడమ దాకా వెతికే చూపు. వెతికాడు. ఒక్క లోపం దొరకలేదు. జీవితమంతా ఎన్ని ఒళ్ళు కొలిచాడో, ఇంత బాగా ఎవరికీ కుదరలేదు.

"ఎలా ఉంది నాన్నా ఆ అమ్మాయికి?" అని అడిగింది చిట్టి.

అబద్ధం చెప్పొచ్చు. పెద్దదైందనో, చిన్నదైందనో, ఏదో ఒకటి అని బండిని ఇంటికి తీసుకుపోవచ్చు.

"సరిగ్గా కుదిరిందమ్మా" అన్నాడు.

చిట్టి తలూపింది. పొడుగు పిల్ల బండి దిగి తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. సీటు కింద కట్టుకున్న తన చిన్న సంచి మాత్రం ముడి విప్పి తీసుకుని, వచ్చి అమ్మ పక్కన నడవసాగింది.